ఇద్దరికి సరిపడా తినమంటున్నారు, ముద్దే దిగడం లేదు: గర్భిణుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కడుపుతో ఉన్నవాళ్లవే. అన్నీ ఒక్కచోట పెట్టుకుని చదివితే మనసుకి కష్టమనిపించింది. దాదాపు ప్రతి ఉత్తరమూ 'ఇది తినొచ్చా', 'అది తినేశాను, ఏమైనా అవుతుందా' అనే భయంతోనే ముగుస్తోంది. ఆకలేస్తోందనో, ఫలానాది తిని హాయిగా అనిపించిందనో రాసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఏళ్ల తరబడి గర్భిణుల ఓపీలో కూర్చుని తిండి గురించి చెబుతున్నదాన్ని కాబట్టి ఈ భయం ఎక్కణ్నుంచి వస్తుందో నాకు తెలుసు. చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి వద్దంటారు, ఎందుకు వద్దో మాత్రం చెప్పరు. అందుకే ఈసారి ఎందుకో కూడా చెబుతాను, జవాబులు కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: అక్కా, నాకిప్పుడు ఎనిమిదో వారం. పొద్దున లేచిన దగ్గర్నుంచి వాంతులే. ఇంట్లో అందరూ 'ఇప్పుడు నువ్వు ఇద్దరికి తినాలి' అంటున్నారు, నాకేమో ఒక్కరికి సరిపడా కూడా లోపలికి పోవడం లేదు. కిలోన్నర తగ్గాను కూడా. బిడ్డకి ఏమీ అందడం లేదేమోనని రాత్రిళ్లు ఏడుపొస్తోంది.

ముందు కళ్లు తుడుచుకోండి చెల్లెమ్మా. ఎనిమిదో వారంలో మీ బిడ్డ పొడవు ఒకటిన్నర సెంటీమీటర్ల పైచిలుకు, అంటే ఒక చిక్కుడు గింజంత. ఆ గింజంత ప్రాణానికి కావలసింది మీ ఒంట్లో ఇప్పటికే ఉంది. ఈ మొదటి పది పన్నెండు వారాల్లో తల్లి రక్తం మాయలోకి పూర్తిగా పారడం ఇంకా మొదలవదు, గర్భసంచి లోపలి పొరలోని గ్రంథుల నుంచి ఊరే పోషకాలతోనే బిడ్డ ఎక్కువగా పెరుగుతుంది. కాబట్టి ఈ పూట మీరు తిన్నది వాంతి అయిపోతే ఈ పూట బిడ్డ పస్తు పడుకున్నట్టు కాదు.

ఇద్దరికి తినాలన్న మాట ప్రేమతో అన్నదే, కానీ లెక్క తప్పు. మొదటి మూడు నెలల్లో అదనంగా తినాల్సింది ఏమీ లేదు. నాలుగో నెల నుంచి రోజుకి 340 కేలరీలు, చివరి మూడు నెలల్లో 450 కేలరీల దాకా ఎక్కువ కావాలి. 340 అంటే ఒక కప్పు పెరుగు, ఒక ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండు, అంతే. రెండో మనిషి భోజనం ఇందులో ఎక్కడా లేదు. మొత్తం తొమ్మిది నెలల్లో పెరగాల్సిన బరువు కూడా అందరికీ ఒకటే కాదు. గర్భానికి ముందు బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క, 18.5 నుంచి 24.9 మధ్య ఉన్నవాళ్లు 11.5 నుంచి 16 కిలోలు పెరగవచ్చు, అంతకంటే సన్నగా ఉన్నవాళ్లు 12.5 నుంచి 18, బీఎంఐ 25 దాటినవాళ్లు 7 నుంచి 11.5, 30 దాటినవాళ్లు 5 నుంచి 9 కిలోలు పెరిగితే చాలు.

ఇక వేవిళ్ల సంగతి. కడుపు పూర్తిగా ఖాళీ అయితే వికారం ఎక్కువవుతుంది, పూర్తిగా నిండినా ఎక్కువవుతుంది. అందుకని మూడు పూటల భోజనం అన్న ఆలోచన కొన్నాళ్లు పక్కన పెట్టేయండి. రాత్రి పడుకునేటప్పుడే మంచం పక్కన ఒక చిన్న డబ్బాలో పొడిగా ఉండే బిస్కెట్లో మరమరాలో పెట్టుకుని, పొద్దున కళ్లు తెరవగానే, తల దిండు మీదే ఉండగానే, రెండు నమిలి, పావుగంట ఆగి, అప్పుడు లేవండి. తర్వాత రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు. నీళ్లు తిండితో పాటు కాకుండా మధ్యమధ్యలో గుక్కెడు గుక్కెడుగా తాగండి. వేడివేడిగా ఉన్నదాని వాసన గుప్పున కొడుతుంది, అదే చల్లారాక అంత ఇబ్బంది పెట్టదు, అందుకే చాలామందికి చల్లని పెరుగన్నం నిలుస్తుంది, వేడి కూర నిలవదు. పోపు పెట్టేటప్పుడు వంటింట్లో మీరు ఉండకండి. ఈ రెండు నెలలు వంట ఇంకొకరు చేస్తే కొంపలు మునగవు. అల్లం కొందరికి పనిచేస్తుంది. బి6 విటమిన్ మాత్ర, దానికి డాక్సిలమైన్ కలిపిన మాత్ర గర్భిణులకి సురక్షితమని తేలినవే, డాక్టర్ని అడిగితే రాస్తారు. ఓర్చుకుంటూ కూర్చోవాల్సిన అవసరం లేదు.

ఇంకో చిన్న విషయం, ఇది ఎవరూ చెప్పరు. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకండి. కడుపులోని ఆమ్లం తగిలి పళ్ల పైపొర మెత్తబడి ఉంటుంది, అప్పుడు రుద్దితే అది అరిగిపోతుంది. నోరు నీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగి బ్రష్ చేయండి.

కిలోన్నర తగ్గడం ఈ దశలో చాలామందికి జరుగుతుంది. కానీ ముందున్న బరువులో 5 శాతం తగ్గితే, అంటే 55 కిలోల మనిషి 2.75 కిలోలు తగ్గితే, లేదా ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం ముదురు రంగులో కొంచెమే వస్తుంటే, నిలబడితే కళ్లు తిరుగుతుంటే, మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. సెలైన్ ఎక్కించాల్సి రావచ్చు. చాలామందికి 16 నుంచి 20 వారాల మధ్య ఇదంతా సర్దుకుంటుంది.

ప్రశ్న: మేడమ్, నెల తప్పిన సంగతే నాకు ఏడో వారంలో తెలిసింది. ఫోలిక్ యాసిడ్ ముందు నుంచే వేసుకోవాలట కదా. నేను ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు. ఇప్పుడేం చేయాలి?

ఈ రోజు నుంచి వేసుకోండి. రోజుకి 400 మైక్రోగ్రాములు, కనీసం 12 వారాలు నిండే దాకా.

ముందు నుంచే వేసుకోమనడానికి కారణం ఉంది. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే నాడీ నాళం గర్భం దాల్చిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది, అప్పటికి చాలామందికి కడుపు వచ్చిందన్న సంగతే తెలియదు. అది సరిగ్గా మూసుకోకపోతే వెన్నులో లోపం వస్తుంది. ఫోలిక్ యాసిడ్ ఆ ముప్పుని బాగా తగ్గిస్తుంది. ఒకసారి అలాంటి బిడ్డ పుట్టిన తల్లుల మీద చేసి 1991లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో ముప్పు 72 శాతం తగ్గింది. అయితే మాత్ర వేసుకోని తల్లుల్లో కూడా అత్యధికులకి ఈ లోపం లేని బిడ్డలే పుడతారు, అది గుర్తుపెట్టుకోండి. 18 నుంచి 22 వారాల మధ్య చేసే స్కానింగ్‌లో వెన్ను విడిగా చూస్తారు, దాన్ని మాత్రం వాయిదా వేయకండి. మూర్ఛ మందులు వాడుతున్నా, షుగర్ ఉన్నా, ముందు కాన్పులో ఈ సమస్య వచ్చినా 400 సరిపోకపోవచ్చు, డాక్టర్ పెద్ద మోతాదు రాస్తారు.

ఈ విటమిన్ కథ నాకు చాలా ఇష్టం, ఒక్క ముక్క చెబుతాను. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి రక్తం ఎందుకు ఇంతలా తగ్గిపోతోందో కనిపెట్టాలని వచ్చారు. ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్లు కోలుకున్నారు. 1931లో ఆమె ఆ సంగతి ప్రచురించారు, అందులో ఉన్నదేమిటో తెలియక చాలాకాలం 'విల్స్ ఫ్యాక్టర్' అనే పిలిచారు. పదేళ్ల తర్వాత, 1941లో, దాన్ని పాలకూర ఆకుల నుంచి విడదీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. కూలి పనికి వెళ్లే గర్భిణుల కోసం వెతికితే దొరికిన మందు అది.

ప్రశ్న: ఐదో నెల. రెండు నెలలుగా ఐరన్ మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నాను, అయినా హిమోగ్లోబిన్ 9.2 దగ్గరే ఉంది. మాత్రలు పనిచేయడం లేదా, నా ఒంటికే పట్టడం లేదా?

మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారో, దేంతో వేసుకుంటున్నారో మీరు రాయలేదు. నా అనుమానమంతా అక్కడే ఉంది, ఎందుకంటే నా మొదటి కాన్పులో నాకు సరిగ్గా ఇదే జరిగింది. పొద్దున్నే టిఫిన్ అవగానే ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర రెండూ ఒకే అరచేతిలో వేసుకుని, పెద్ద గ్లాసుడు పాలతో గుటుక్కున మింగేదాన్ని. బలం మీద బలం అనుకున్నాను. ఏడో నెలకి కూడా రక్తం 9 దాటలేదు. మెట్లెక్కితే ఆయాసం, చెవుల్లో గుయ్యిమని మోత. చివరికి ఒక నర్సమ్మ మాత్రల చీటీ చూసి 'వీటిని ఏ టైంకి వేసుకుంటున్నావమ్మా' అని అడిగింది, అంతకుముందు నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మాత్రలు మార్చకుండా వేళలు మార్చింది, నెల తిరిగేసరికి పది దాటింది.

సంగతేమిటంటే, కాల్షియం ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. పాలు, పెరుగు, కాల్షియం మాత్ర అన్నీ అంతే. టీ, కాఫీలలోని పదార్థాలు కూడా ఐరన్‌ని పట్టేసుకుంటాయి. కాబట్టి ఐరన్ మాత్రకి, కాల్షియానికి మధ్య కనీసం రెండు గంటలు, టీ కాఫీలకి కనీసం గంట ఎడం పెట్టండి. వీలైతే ఖాళీ కడుపుతో నిమ్మరసం కలిపిన నీళ్లతోనో, పుల్లని పండుతోనో వేసుకోండి, సి విటమిన్ ఉంటే ఐరన్ బాగా పడుతుంది. ఖాళీ కడుపుతో వికారంగా ఉంటే రాత్రి పడుకునే ముందు వేసుకుని చూడండి. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో వేసుకోవచ్చు, అది కూడా ఒకేసారి 500 మిల్లీగ్రాములకి మించితే ఒళ్లు సరిగ్గా తీసుకోలేదు, అందుకే పెద్ద మోతాదుని విడదీసి ఇస్తారు.

మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది, కంగారు పడి మానేయకండి. మలబద్ధకం నిజమైన ఇబ్బందే, చాలామంది దానివల్లే ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేస్తారు. నీళ్లు, పీచున్న కూరలు, తొక్కతో తినే పండ్లు, రోజూ కాసేపు నడక చాలావరకు సాయపడతాయి, అప్పటికీ కాకపోతే డాక్టర్‌తో చెప్పి మాత్ర రకం మార్పించుకోండి.

తిండిలో ఐరన్ అంటే అందరూ ఆకుకూర అంటారు. మంచిదే, కానీ మాంసం, చేపల్లోని ఐరన్ పట్టినంత సులువుగా ఆకుల్లోదీ పప్పుల్లోదీ పట్టదు. శాకాహారులు పప్పులో, ఆకుకూరలో చివర్న నిమ్మకాయ పిండుకోవాలి, భోజనం కాగానే టీ తాగే అలవాటు మానుకోవాలి. ఈ రెండూ చేస్తే అదే పళ్లెంలోంచి ఎక్కువ ఐరన్ ఒంటికి పడుతుంది.

హిమోగ్లోబిన్ కొంచెం తగ్గడం గర్భంలో సహజమే. రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది, అందులో నీటి భాగం ఎక్కువ పెరిగి ఎర్రకణాలు పల్చబడతాయి. అయినా 9.2 తక్కువే, వదిలేయకూడదు. వేళలు సరిచేసుకున్నాక మూడు నాలుగు వారాల్లో పెరుగుదల కనిపించాలి. కనిపించకపోతే బి12 తక్కువ ఉందేమో, తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్త దోషం ఉందేమో పరీక్ష చేయించాలి. నెలలు దగ్గర పడుతున్నా రక్తం ఎక్కకపోతే ఐరన్‌ని నరంలోకి ఎక్కిస్తారు.

ప్రశ్న: ఎవరికీ చెప్పుకోలేక రాస్తున్నాను. నాకు సుద్దముక్కలు తినాలనిపిస్తోంది. దాచుకుని తింటున్నాను కూడా. నాకేమైనా పిచ్చి పట్టిందా?

లేదమ్మా. సిగ్గుపడాల్సిన పని అస్సలు లేదు. మట్టి, సుద్ద, బియ్యం, ఐసు ముక్కలు తినాలనిపించడం ఐరన్ తక్కువైనప్పుడు తరచుగా కనిపించే లక్షణం. ఇలా ఉందని డాక్టర్‌కి చెప్పండి, అదొక పరీక్ష రిపోర్టంత విలువైన సమాచారం. చాలామందికి ఐరన్ అందగానే ఆ కోరిక దానంతటదే పోతుంది. అప్పటిదాకా సుద్ద, మట్టి మాత్రం వద్దు, వాటిలో సీసం ఉండొచ్చు, నులిపురుగుల గుడ్లు ఉండొచ్చు.

ప్రశ్న: నా భార్యకి ఏడో నెల. తక్కువ తింటే బిడ్డ చిన్నగా ఉండి నార్మల్ డెలివరీ అవుతుందని మా అమ్మ రాత్రి భోజనం మానిపిస్తోంది. అమ్మకి ఎదురు చెప్పలేకపోతున్నాను. మీరు రాస్తే చదివి వినిపిస్తాను.

తమ్ముడూ, మీరు రాసినందుకు చాలా సంతోషం. ఇది అమ్మగారికి చదివి వినిపించండి.

అమ్మా, మీ కోడలు సులువుగా కనాలని మీరు కోరుకుంటున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ కాన్పు సులువుగా అవుతుందా లేదా అన్నది బిడ్డ ఏ వైపు తిరిగి ఉంది, నొప్పులు ఎలా వస్తున్నాయి, తల్లి కటి ఎలా ఉంది, తల్లికి ఓపిక ఎంత ఉంది, ఇన్నిటి మీద ఆధారపడుతుంది. పస్తులుంటే ముందు తగ్గేది తల్లి ఓపికే. నొప్పులు పడటం అంటే గంటల తరబడి కష్టపడి పనిచేయడం, ఆ పనికి తిండి లేని ఒళ్లు సరిపోదు.

తక్కువ తింటే ఏమవుతుందో ప్రపంచానికి ఒక ఘోరమైన చోట తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944 నుంచి 1945 వరకు సాగిన చలికాలంలో, నెదర్లాండ్స్‌లో కరువు వచ్చి గర్భిణులకి కూడా రోజుకి వెయ్యి కేలరీల కంటే తక్కువ తిండే దొరికింది. చివరి నెలల్లో ఆకలితో ఉన్న తల్లుల బిడ్డలు దాదాపు 300 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. కథ అక్కడితో అయిపోలేదు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక చూస్తే, కడుపులో ఉండగా ఆకలి తగిలినవాళ్లకి షుగర్ ముప్పు ఎక్కువగా కనిపించింది, గర్భం మొదట్లోనే కరువు తగిలినవాళ్లకి గుండె జబ్బులు కూడా. అంటే కడుపులో ఉన్నప్పటి తిండి, ఆ మనిషికి యాభై ఏళ్లు వచ్చినా గుర్తుండిపోతుంది.

ఏడో నెల నుంచే బిడ్డ ఒంటికి కొవ్వు పట్టేది, మెదడు వేగంగా పెరిగేది, పుట్టాక వాడుకోవడానికి ఐరన్ దాచుకునేది. ఈ రోజుల్లో రాత్రి భోజనం తీసేస్తే బిడ్డ దాచుకోవాల్సినదాన్నే తీసేసినట్టు. పొట్ట పైకి నొక్కుకుని ఉంటుంది కాబట్టి ఎక్కువ ఒకేసారి తినలేకపోతే సాయంత్రం కొంత, రాత్రి ఎనిమిదింటికి కొంత పెట్టండి. పడుకోవడానికి రెండు గంటల ముందు ముగిస్తే ఛాతీలో మంట కూడా ఉండదు. మీ చేత్తో కలిపి పెడితే ఆ అమ్మాయి నాలుగు ముద్దలు ఎక్కువే తింటుంది.

ప్రశ్న: మేము పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. ప్రొటీన్ ఎలా?

ప్రొటీన్ సమస్య కాదు. ప్రతి పూట పళ్లెంలో పప్పో, శనగల్లాంటి గింజలో, సోయానో, పెరుగో, పన్నీరో ఏదో ఒకటి అరచేయంత భాగం ఉండాలని నియమం పెట్టుకుంటే చాలు. అన్నం ఎక్కువ, పప్పు గరిటెడు అన్న లెక్కని తిరగేయండి.

నేను ఆలోచించేది బి12 గురించి. అది జంతు సంబంధమైన ఆహారంలోనే దొరుకుతుంది. పాలు పెరుగు బాగా తీసుకుంటే కొంత వస్తుంది, అవీ లేకపోతే మాత్ర తప్పనిసరి, ఒకసారి రక్తంలో ఎంత ఉందో చూపించుకోండి. ఉప్పు అయోడిన్ కలిపినదే వాడండి, బిడ్డ మెదడుకి అది అవసరం. చేపలు తినరు కాబట్టి అవిసె గింజలు, వాల్‌నట్స్ కొన్ని రోజూ తినండి, వాటి నుంచి మెదడుకి కావలసిన కొవ్వు కొద్దిగానే తయారవుతుంది, అందుకని డీహెచ్ఏ అనే ఆ కొవ్వునే నాచు నుంచి తీసి చేసిన క్యాప్సూల్ గురించి డాక్టర్ని అడగండి.

ప్రశ్న: కాఫీ, చేపలు, బయటి తిండి, చీజ్, ఏది చూసినా వద్దంటున్నారు. నిజంగా మానేయాల్సినవి ఏవి? ఒక్కసారి తేల్చి చెప్పండి.

చెబుతాను. నిజంగా మానేయాల్సినవి తక్కువే. మద్యం చుక్క కూడా వద్దు, ఇంత వరకైతే పర్వాలేదు అని చెప్పగలిగే మోతాదు లేదు. పొగాకు ఏ రూపంలోనూ వద్దు, ఇంట్లో ఇంకొకరు వదిలే పొగ కూడా వద్దు. కాచని పాలు, వాటితో చేసిన మెత్తటి చీజ్, పచ్చి గుడ్డు, సరిగ్గా ఉడకని మాంసం, పచ్చి చేప వద్దు. లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది, మామూలు మనుషులకంటే గర్భిణులకి దాని బెడద చాలా ఎక్కువ, గర్భస్రావం దాకా పోవచ్చు. కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసినదాన్ని గోరువెచ్చగా చేసి తినకుండా ఆవిర్లు వచ్చేదాకా వేడిచేయాలి. బయట తిన్నా ఇదే సూత్రం, మీ కళ్లముందు పొగలు కక్కుతూ వచ్చినది తినొచ్చు, కోసి గంటలు గంటలు తెరిచి పెట్టిన పండ్ల ముక్కలు, సలాడ్‌లు వద్దు. ఆకుకూరలు మట్టి పోయేదాకా కడగండి, పిల్లి ఉంటే దాని మలం ఎత్తే పని ఇంకొకరికి అప్పగించండి. ఆ మట్టిలోనూ, పిల్లి మలంలోనూ టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు.

కాలేయం కూర ఐరన్ కోసమని తినమంటారు, గర్భంలో అది వద్దు. దాన్లో ఎ విటమిన్ విపరీతంగా ఉంటుంది, ఎక్కువైతే బిడ్డకి లోపాలు రావచ్చు. చేపలు మాత్రం దయచేసి మానకండి. సొర, కత్తి చేప లాంటి పెద్ద వేట చేపల్లో పాదరసం పేరుకుంటుంది, అవి తప్ప, చిన్న చేపలు వారానికి రెండు మూడుసార్లు బాగా ఉడికించి తింటే బిడ్డ మెదడుకీ కంటికీ మేలు.

కాఫీ రోజుకి 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకుండా తాగొచ్చు. పెద్ద కప్పు ఇన్‌స్టంట్ కాఫీలో దాదాపు 100, డికాక్షన్ తీసిన కాఫీలో 140, టీలో 75 ఉంటుంది. చాక్లెట్, కూల్‌డ్రింకులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మూలికల కషాయాలు 'సహజం కదా' అని మొదలుపెట్టకండి, వాటిలో చాలావాటిని గర్భిణుల మీద పరీక్షించనే లేదు. నొప్పులకి ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వేసుకోకండి, 20 వారాలు దాటాక బిడ్డ మూత్రపిండాల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గిస్తాయి.

ప్రశ్న: ఆరో నెల పరీక్షలో షుగర్ వచ్చింది. స్వీట్లు నేనేమీ ఎక్కువ తినలేదు. భయపడి అన్నం, రొట్టె అన్నీ మానేసి వారం నుంచి కూరగాయల మీదే ఉన్నాను. నీరసంగా ఉంది.

ఇది మీ తప్పు వల్ల వచ్చింది కాదు. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి, అందరికీ పడతాయి, కొందరి ఒళ్లు దానికి తగ్గట్టు ఎక్కువ ఇన్సులిన్ తయారుచేయలేకపోతుంది. అందుకే 24 నుంచి 28 వారాల మధ్య అందరికీ ఈ పరీక్ష చేసేది.

అన్నం పూర్తిగా మానేయడం ఇవాళే ఆపండి. అసలు పిండిపదార్థం లేకపోతే ఒళ్లు కొవ్వుని కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది, అవి ఎక్కువవడం బిడ్డకి మంచిది కాదు. తినేదాన్ని ముక్కలు చేయండి, అంటే మూడు చిన్న భోజనాలు, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు. భోజనానికి కూర్చున్నప్పుడు ముందు కూర, తర్వాత పప్పో గుడ్డో, ఆఖర్న అన్నం తినండి. అదే అన్నం, అదే కొలత అయినా షుగర్ అంత పైకి ఎగరదు. తినగానే పడుకోకుండా పది పదిహేను నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ నడవండి, దీని ఫలితం మీటర్‌లో మీకే కనిపిస్తుంది. పండు తినండి, రసం తీయకండి. సాధారణంగా పరగడుపున 95 లోపు, తిన్న గంటకి 140 లోపు, రెండు గంటలకి 120 లోపు ఉండాలని చూస్తారు. ఇవన్నీ చేసినా దిగకపోతే ఇన్సులిన్ ఇస్తారు, అది మాయ దాటి బిడ్డకి చేరదు కాబట్టి భయం వద్దు. కాన్పు అయ్యాక చాలామందికి షుగర్ పోతుంది, అయినా 6 నుంచి 12 వారాల మధ్య మళ్లీ పరీక్ష చేయించుకోండి, ముందుముందు రావడానికి వీళ్లకి అవకాశం ఎక్కువ.

ప్రశ్న: నడక, వ్యాయామం చేయొచ్చా?

డాక్టర్ ప్రత్యేకంగా వద్దనకపోతే తప్పకుండా చేయండి, వారం మొత్తం మీద 150 నిమిషాలు. నడుస్తూ మాట్లాడగలిగినంత వేగం చాలు. పడిపోయే ప్రమాదమున్న ఆటలు వద్దు. 28 వారాలు దాటాక నిద్రకి పక్కకి తిరిగి పడుకోండి, మెలకువ వచ్చి చూస్తే వెల్లకిలా ఉంటే మళ్లీ పక్కకి తిరిగితే సరిపోతుంది, దానికి టెన్షన్ పడొద్దు.

ప్రశ్న: 33వ వారం అక్కా. కాళ్లు వాచాయని పది రోజులుగా ఉప్పు పూర్తిగా మానేశాను, చప్పిడి కూడే తింటున్నాను. వాపు తగ్గలేదు సరికదా మొహం కూడా ఉబ్బింది, ఉంగరం రావడం లేదు. మూడు రోజులుగా తలనొప్పి, అప్పుడప్పుడు కళ్ల ముందు మెరుపుల్లా కనిపిస్తున్నాయి. ఇంకేం మానేయాలి?

ఈ ఉత్తరం చూసిన గంటలోనే ఆమెకి ఫోన్ చేశాం, అచ్చయ్యేదాకా ఆగే ఉత్తరం కాదిది. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. సాయంత్రానికి పాదాలు కొంచెం వాయడం మామూలే. కానీ మొహం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం, తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి, వీటిలో ఏది వచ్చినా అది తిండితో సరిచేసుకునే విషయం కాదు. 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరి ఇలాంటి లక్షణాలు వస్తే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు, ముదిరితే ఫిట్స్ వస్తాయి, తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. ఉప్పు మానేస్తే అది రాకుండా ఆగదు, వచ్చాక తగ్గదు. ఆ రాత్రే, ఎంత రాత్రైనా, ఆసుపత్రికి వెళ్లి బీపీ, మూత్రం చూపించుకోవాలి. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, బిడ్డ కదలికలు రోజూ ఉన్నంతగా లేవనిపించడం, ఇవి కూడా అంతే, పొద్దున చూద్దాం అనుకునేవి కావు. అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు విపరీతంగా దురద పెడుతున్నా చర్మం సమస్య అనుకోకుండా లివర్ పరీక్ష చేయించుకోండి.

ఆమె ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేరింది. బీపీ 160 దాటి ఉందట. మందులు ఇస్తున్నారు, రోజుకి రెండుసార్లు బిడ్డ గుండె చప్పుడు చూస్తున్నారు, ఇప్పటికి ఇద్దరూ బాగున్నారు. నిన్న మెసేజ్ పెట్టింది, 'ఇక్కడ కూరలో ఉప్పు వేసి ఇస్తున్నారు అక్కా, తినొచ్చా' అని. తినమన్నాను.